మాస్టారు తీసిన మంచి ఫొటో

లైసెన్సుల ఆఫీసు ఎదురుగా ఇరవై ఆరేళ్లుగా ఫొటోల దుకాణం నడుపుతున్న ఆయన్ను అందరూ గడ్డం మాస్టారు అంటారు. ఆయన మూతి మీద వెంట్రుక కూడా ఉండదు. "గడ్డం దించండి, చెవులు కనపడాలి, నవ్వకండి" అని రోజుకు నలభైసార్లు అనబట్టి వచ్చిన పేరది. ఒక తెల్లగోడ, ఒక స్టూలు, రెండు లైట్లు, దొంగలెత్తుకుపోకుండా అద్దానికి కట్టేసిన దువ్వెన. అంతే ఆయన లోకం.

కిందటేడు సెలవులకు అత్తారి వైపు వాళ్లతో కలిసి సముద్రానికి వెళ్తే, అక్కడా అంతే చేశాడు. అంత నీళ్లు ఎదురుగా పెట్టుకుని, అందర్నీ హోటలు గోడకు ఆనించి తీశాడు.

"బావా, ఇవి సెలవుల ఫొటోలా? కింద నంబర్లు వేస్తే జైలు రిజిస్టర్లో అతికించుకోవచ్చు" అన్నాడు బావమరిది.

అందరూ పకపకా నవ్వారు. భార్య అందరికన్నా గట్టిగా నవ్వింది. నవ్వు ఆపుకుని, "ఇన్నేళ్ల కాపురంలో నా పళ్లు కనపడ్డ ఫొటో ఒక్కటైనా తీశారా? ఇంటాయన ఫొటోగ్రాఫరని చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది" అంది.

ఆ మాట ఆయన గుండెలో ముల్లులా దిగింది. ఈ ఏడు ఎలాగైనా ఆవిడ నవ్వును పట్టుకోవాలి. దుకాణంలో బేరం లేనప్పుడల్లా వీడియోలు చూశాడు. మిట్టమధ్యాహ్నం తీయొద్దు, సాయంత్రం ఎండలో తీయండి. మనిషిని నట్టనడుమ నిలబెట్టకండి. "నవ్వండి" అనకండి, ఏదో ఒక కబురు చెబుతూ మీట నొక్కండి. స్టూలు మీద కుండీ పెట్టి మరీ సాధన చేశాడు.

ఈసారి పడవల రేవుకు వెళ్లారు. పొద్దు వాలుతోంది. భార్య, ఆవిడ తమ్ముడు, మరదలు, అత్తగారు రాతిగట్టు మీద వరసగా కూర్చున్నారు. మాస్టారు ఎదురుగా, రేవు మెట్ల పైనున్న చప్టా మీద నిలబడి కెమెరా కంటికి ఆనించాడు. చెప్పాలనుకున్న కబురు కాస్తా ఆ తొందరలో మరిచిపోయాడు.

"ఫొటోలో మా కాళ్లు తెగిపోతున్నాయేమో బావా, వెనక్కి జరుగు" అన్నాడు బావమరిది.

జరిగాడు.

"ఇంకొంచెం, బావా."

ఫ్రేములో భార్య ముఖం విచ్చుకుంది. అదిగో, పళ్లు! మాస్టారు మీట నొక్కి, ఆ సంతోషంలో మరో అడుగు వెనక్కి వేశాడు. అడుగు కింద మెట్టు లేదు.

పడుతూ కూడా కెమెరాను ఎడమచేత్తో పైకెత్తి పట్టుకున్నాడు. కుడి మణికట్టు బండకు తగిలి రెండుచోట్ల విరిగింది.

మర్నాడు ఆస్పత్రి మంచం మీద, కట్టుతో, ఆ ఫొటో చూసుకున్నాడు. వెలుతురు తేనెలా ఉంది. ఆవిడ చిన్నపిల్లలా నవ్వుతోంది. ఎంత బాగా వచ్చింది! మురిసిపోతూ ముఖాలు పెద్దవి చేసి చూశాడు. వేల ముఖాలు చూసిన కన్ను కదా, ఒకచోట ఆగిపోయింది. నలుగురిలో ఒక్కరూ కెమెరా వంక చూడటం లేదు. అందరి చూపూ కిందికి, ఆయన మడమల వైపు. వెనక నీటి గీత చూస్తే స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. పడుతున్న మనిషి తీస్తే అది ఒరిగిపోవాలి. అంటే ఆయన పడకముందే వాళ్లు ఆ మడమల వైపు చూసి నవ్వారు.

పక్కన కూర్చున్న భార్యకు ఫొటో చూపించాడు. "నా వెనక మెట్టు లేదని మీకు ముందే కనపడిందా?"

"కనపడిందండీ. మీరే చూసుకుంటారనుకున్నాం. తమ్ముడు నోటిమీద వేలు పెట్టేసరికి నాకిక నవ్వాగలేదు." ఫొటోను దగ్గరికి లాక్కుని ముచ్చటగా చూసుకుంది. "ఎంత బాగా తీశారండీ! దీన్ని పెద్దది చేయించండి."

చేయించాడు. అది ఇప్పుడు వాళ్ల హాల్లో ఉంది. మేకు మాత్రం బావమరిది కొట్టాడు. మాస్టారి కుడిచెయ్యి ఇంకా పైకి లేవడం లేదు.