కాలీ పాంచ్‌లో పోయిన గొంతు

ఆ రోజు పొద్దున జహీరాబాద్‌లో మా బెల్లం దుకాణం తెరిచి, పక్క దుకాణం ఆయనను పిలిచాను. ఆయన తల తిప్పలేదు. మళ్లీ పిలిస్తే దగ్గరికొచ్చి, "సర్ది అయిందా బసప్పా? గొంతే వస్తలేదు" అన్నాడు. నాకు జలుబు లేదు, జ్వరం లేదు. గొంతులో ఏదో గీసుకుపోతున్నట్టు మాత్రం ఉంది. ముందు రోజంతా భజనలో పాడాను కాబట్టి అదేలే అనుకున్నాను.

మా భజన మండలికి ఒకటే హార్మోనియం పెట్టె. నేర్పింది శంకరప్ప మాస్టర్. ఆయన శృతి కాలీ పాంచ్, అంటే పెట్టె మీద ఐదో నల్లమెట్టు. ఆయనది సన్న గొంతు, అంత ఎత్తు శృతి ఆయనకు సరిపోయింది. లావు గొంతులవాళ్లం మేమూ అక్కడే పాడాలి. శృతి దించమని అడిగితే గురువును అవమానించినట్టే. ఎడమచేత్తో తిత్తి ఊపుతూ, కుడిచేత్తో మెట్లు నొక్కుతూ, పైగా పాడటం నాకు ఒంటబట్టడానికి ఏళ్లు పట్టింది. చేతులు కుదిరితే మాట తప్పేది, మాట కుదిరితే తిత్తి ఆగేది. ఒకరోజు మూడూ కలిశాయి. నా బతుకులో అంత సంతోషం అంతకుముందు లేదు. అయితే నా వేళ్లకు తెలిసింది ఆ ఒక్క చోటే. వేరే మెట్టు మీంచి మొదలుపెట్టి వాయించడం మాలో ఎవరికీ రాదు.

బొంగురు తగ్గడం లేదని చెబితే మాస్టర్ నవ్వాడు. "గొంతు పండుతున్నది రా. గిప్పుడు ఆపితే కచ్చాగనే ఉంటది. ఇంకా గట్టిగ పాడు." మిరియాల కషాయం తాగుతూ నెలల తరబడి గట్టిగానే పాడాను.

మా మండలిలో ఒక ఆచారం ఉంది. సప్తాహంలో పాడేవాడు చరణం మధ్యలో ఆగితే, పెట్టెను పక్కవాడి ముందుకు జరుపుతారు. ఆ సప్తాహం అయ్యేదాకా అతనికి మళ్లీ ఇవ్వరు. ఆ ఏడు పై స్వరం దగ్గర నా నోట్లోంచి ఉత్త గాలి వచ్చింది. వేళ్లు ఇంకా మెట్ల మీద ఉండగానే మాస్టర్ పెట్టె లాగేశాడు. జనం నవ్వారు. కోహీర్ నుంచి నా పాట వినడానికే వచ్చిన మా మామగారు తల దించుకున్నారు.

నా భార్య మహాదేవి మర్నాడే నన్ను హైదరాబాద్ దవాఖానకు తీసుకెళ్లింది. ఈఎన్‌టీ డాక్టరమ్మ నా నాలుకను గుడ్డతో పట్టి బయటికి లాగి, చిన్న అద్దాన్ని స్పిరిట్ దీపం మీద వెచ్చచేసి గొంతులో పెట్టింది. "ఈ... అనండి." వాంతి వచ్చినంత పనైంది.

"వోకల్ కార్డ్స్ రెండింటి మీదా నాడ్యూల్స్, అంటే చిన్న కాయలు. మీది కాని పిచ్‌లో అరిచారు. మొదట్లోనే వచ్చి ఉంటే, మాట్లాడకుండా వాయిస్ రెస్ట్ ఇస్తే పోయేవి. ఇప్పుడు ఆపరేషనే."

ఆపరేషన్ అయింది. బయాప్సీలో క్యాన్సర్ లేదని వచ్చింది. కొన్ని వారాలు నోరు తెరవొద్దన్నారు. దుకాణంలో పలక మీద రాసి చూపించేవాణ్ణి. గిరాకీలు నా చెవి దగ్గరికొచ్చి అరిచేవాళ్లు. మాట్లాడనివాడికి వినపడదని ఎవరు చెప్పారో వాళ్లకు.

గొంతు కాస్త రాగానే మండలికి వెళ్లి పెట్టె ముందు కూర్చున్నాను. వేళ్లు తిన్నగా కాలీ పాంచ్‌కే వెళ్లాయి, వాటి వెనకే గొంతూ వెళ్లింది. కాయలు మళ్లీ వచ్చాయి, రెండో ఆపరేషన్ తప్పలేదు.

"కోసిన చోట స్కార్ అయి గట్టిపడింది. మాట్లాడగలరు. పై స్వరాలు ఇక రావు, ఆశ పెట్టుకోకండి" అంది డాక్టరమ్మ. ఆ మాట అంటూనే తరువాతి పేషెంటును పిలిచింది.

ఇంట్లోకి పాత పెట్టె ఒకటి తెచ్చుకున్నాను. ఐదో నల్లమెట్టు మీద దవాఖాన ప్లాస్టర్ అంటించాను, వేలు అటు పోతే తెలియాలని. నా గొంతుకు అందేంత కిందున్న రెండో తెల్లమెట్టు మీంచి మొదటినుంచీ నేర్చుకున్నాను. ఒక్క కీర్తన కుదరడానికి ఏడాది పైనే పట్టింది. అది పట్టుకుని ఆశగా మండలికి వెళ్లాను.

మాస్టర్ రెండు వరుసలు విన్నాడు. "ఇది పాట కాదు బసప్పా, మూలుగుడు. నీకోసం పదిమంది శృతి దించాల్నా? గిటు కూసొని తాళం కొట్టు." నా చేతిలో తాళాలు పెట్టారు. కొట్టి వచ్చాను.

ఆ సాయంత్రం మహాదేవికి ఆ కీర్తన మొత్తం వినిపించాను. ఎక్కడా చేయి తప్పలేదు, మాట తప్పలేదు. అయిపోయాక ఆమె లేచి వీధి తలుపు మూసింది. "నలుగురు ఇంటె నవ్వుతరు. ఇగ పాడుకోండ్రి" అంది. దవాఖానలో నా మూత్రపు డబ్బా ఎత్తిన మనిషి ఆమె. నన్ను నొప్పించాలని కాదు. కానీ రెండు ఆపరేషన్లూ నన్ను అంత కోయలేదు.

ఇప్పుడూ రోజూ పాడతాను, తలుపు మూసే. పాట నేర్చుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. బొంగురు రెండు మూడు వారాలు దాటితే కషాయాలు మాని గొంతు చూపించుకోండి, శృతి మీ గొంతుకు దించమని గురువును అడగండి. ఆయనకు కోపం వస్తుంది. వస్తే రానివ్వండి, అది కొన్నాళ్లకు పోతుంది. గొంతు పోతే మాత్రం తిరిగి రాదు.