రత్నం పూడ్చిన మచ్చలు

అరవైల్లో బందరునుంచి పెళ్లిచూపులకు వెళ్లిన ఫోటోల్లో సగం నాగరత్నం చేతిమీదుగా పోయినవే. మొగుడు దుర్గారావు స్టూడియోలో ఫోటో తీస్తాడు. మొహాన అమ్మవారు పోసిన మచ్చల్ని నెగిటివు మీద సన్నని పెన్సిలుతో పూడ్చేది ఆవిడ. తన మొహం నిండా అవే మచ్చలు. అందుకే కెమెరా ముందు ఒక్కసారీ కూర్చోలేదు.

దుర్గారావుకి సముద్రపు పిట్టల పిచ్చి. నాగాయలంక అవతల, కృష్ణ సముద్రంలో కలిసేచోట, గుల్లలు పరుచుకున్న ఇసుకతిప్ప మీద అవి గూడన్నది లేకుండానే గుడ్లు పెడతాయి. ఏటికేడు తగ్గిపోతున్నాయి. ఆ గుల్లనే ధనుంజయరావు గారు తన సున్నపుబట్టీకి తవ్వించబోతున్నారు.

"గూడుందా, గుడ్డుందా? ఉత్త ఇసుకేగా! ఉంటే ఫోటో తీసి చూపించవయ్యా, పార దించను," అన్నారాయన, తవ్వొద్దని బతిమాలిన దుర్గారావుతో.

దుర్గారావు ఎండలో బోర్లా పడుకుని తీసినవాటిలో ఒక్క నెగిటివే దక్కింది. దాన్ని భార్య చేతికిచ్చి, "కాస్త చూసిపెట్టు రత్నం," అని స్నానానికి వెళ్లాడు.

నెగిటివులో పిట్ట ఒకటి నిలబడి ఉంది. చుట్టూ ఇసుకంతా మచ్చలే. పెద్దమనిషికి చూపించేది, పిట్ట స్పష్టంగా కనబడొద్దూ! అలవాటుపడ్డ చెయ్యి ఊరుకుంటుందా? ఒక్కొక్క మచ్చే పూడ్చుకుంటూ పోయింది. సగం తిప్ప నున్నగా అయ్యాక ఒక మచ్చ మీద భూతద్దం ఆగింది. దానికి ముక్కుంది. నోరు తెరిచి ఉంది.

"ఏవండీ! ఇవి గుడ్లండీ! పిల్లలండీ! చెరిపేశానండీ!"

తడిబట్టలతో దుర్గారావు పరుగెత్తుకొచ్చాడు. ఆవిడే తేరుకుని, దూదిని టర్పెంటైనులో ముంచి, ఊపిరి బిగబట్టి తుడిచింది. పెన్సిలు పొర పోయి ఒక గుడ్డు తిరిగొచ్చింది. పక్కన ఇంకొకటి. తన వేళ్లకిందే అవి పుడుతున్నట్టుంది ఆవిడకు.

ధనుంజయరావు గారు ఆ ఫోటోని చాలాసేపు చూశారు. "ఇన్నాళ్లూ వీటిని తొక్కుకుంటూ తిరిగానటయ్యా!" అన్నారు. తవ్వకం ఆగిపోయింది.

తర్వాత నాగరత్నం మొగుడితో పడవెక్కి తిప్పకు వెళ్లింది. నీటి అంచున దిగితే మొదట కనబడింది ఉత్త ఇసుకే. చూడగా చూడగా ఇక్కడొక గుడ్డు, అక్కడొకటి, చివరికి ముందుకు కాలు పెట్టేందుకు చోటే లేదు. నెత్తిమీద రెక్కలు ఆకాశాన్ని కప్పేశాయి. గుడ్ల మీద ఆ మచ్చలే లేకపోతే ఏ గద్దో ఎప్పుడో తన్నుకుపోయేది కదా వీటిని! ఆవిడ రెండు చేతులూ జోడించింది.

"ఏవండీ, ఇక్కడే నన్నొక ఫోటో తీయండి."

"మరి పెన్సిలు..." అంటూ నీళ్లు నమిలాడు దుర్గారావు.

"దాని జోలికి నేను వెళ్లను. మీరూ వెళ్లకండి."

ఆ ఫోటోనే స్టూడియో గుమ్మంలో పెట్టారు. మచ్చలు చెరపమని వచ్చే ఆడపిల్లలు ముందు దాన్ని చూసేవారు.