బొట్టు పెట్టిన ఫ్రిజ్

విజయనగరంలో మా అన్నయ్య బట్టల కొట్టు వెనకే ఇల్లు. కొట్టుకొచ్చిన ప్రతివారికీ లోపల్నించి మంచినీళ్లు పంపడం మా ఇంటి మర్యాద. ఆ మర్యాదను మోసేది మా వదిన. అన్నయ్య "నీళ్లు!" అని కేకేసేలోపే "వస్తన్నాను" అనేది. అన్నం ముద్ద చేతిలో ఉన్నా అంతే.

తలుపులోంచే నీళ్లు వచ్చే ఫ్రిజ్ కొని, కొట్టుకీ ఇంటికీ మధ్య గుమ్మం దగ్గర పెట్టాక ఎవరి నీళ్లు వాళ్లే పట్టుకున్నారు. వదిన కుదురుగా కూర్చుని తినడం అప్పుడే చూశాను. ప్రతి శుక్రవారం ఆ ఫ్రిజ్‌కి, సరిగ్గా గ్లాసుతో నొక్కే మీటకే, పసుపు రాసి బొట్టు పెట్టేది.

మళ్లీ నేను వెళ్లేసరికి నీళ్లు రావడం ఆగిపోయింది.

"బాగుసేయించమంటే, నీళ్లు తేడానికి నువ్వున్నావు కదా అంటన్నారమ్మా మీ అన్నయ్య" అంది వదిన, అన్నం ముందు కూర్చుంటూ.

లోపల ట్యాంకు నిండుగానే ఉంది. గొట్టంలో నీళ్లు గడ్డకట్టలేదు. చివరికి చూస్తే, పసుపు గట్టిపడి మీట బిగుసుకుపోయింది. తడిగుడ్డతో తుడిచి నొక్కాను. నీళ్లు ధారగా వచ్చాయి.

"అన్నయ్యా, ఫ్రిజ్ బాగయింది. వచ్చి పట్టుకో!" అని కేకేశాను.

"మీ ఒదిన తేడానికి అలవాటు పడిపోనాం కదే. తెమ్మను!"

"వస్తన్నాను" అంటూ వదిన సగం కలిపిన అన్నం వదిలి లేచింది.

శుక్రవారం వదిన పసుపుగిన్నెతో ఫ్రిజ్ దాటి వెళ్లిపోతుంటే, "మీటకి వద్దుగానీ, తలుపుకి పెట్టు వదినా" అన్నాను.

"దీనికెందుకమ్మా ఇంక?" అంది.