కుడివైపుకి వంగిన గుండె

మా జంతుశాస్త్రం ల్యాబ్‌లో సింకు పక్క గోడకి గుడ్డ మీద రంగులతో గీసిన పటం ఒకటి వేలాడుతూ ఉండేది. ముప్పై మూడు గంటల కోడి పిండం, పైనుంచి చూసినప్పుడు, అని దాని మీద ఇంగ్లీషులో రాసి ఉండేది. ఎప్పుడో సినిమా బ్యానర్లు గీసే పెయింటర్‌ని పిలిపించి గీయించారట. గుడ్డ బాగా పలచన. ఫ్యాన్ గాలికి తిరగబడితే వెనక కూడా రంగు ఇంకి బొమ్మంతా కనిపించేది.

నేను డిగ్రీ చదివింది ఆ కాలేజీలోనే. బోయిగూడ నుంచి రోజూ నడిచి వచ్చేదాన్ని. అందరిలాగే ఆ పటం చూసి రికార్డులో పిండం బొమ్మ వేశాను. గుండె ఎడమవైపుకి ఉబ్బి ఉంటే అలాగే ఉబ్బించి, ఎర్ర స్కెచ్ పెన్నుతో నింపాను. మేడం దాని కింద "గుడ్" అని రాసి సంతకం పెట్టారు. పిండాన్ని నేను చూశానా లేదా అని ఆవిడ అడగలేదు. చూడలేదని నేనూ చెప్పలేదు.

పదేళ్లు తిరిగేసరికి ఆ ల్యాబ్‌లోనే కాంట్రాక్టు లెక్చరర్‌ని అయ్యాను. ఆ మేడమే ఇప్పుడు మా డిపార్ట్‌మెంట్ హెడ్. నాకు ఉద్యోగం ఇప్పించిందీ ఆవిడే. ఏటా ఎండాకాలంలో ఆవిడ సిఫార్సు చేస్తేనే జూన్‌లో నాకు మళ్లీ ఉత్తర్వు వస్తుంది. ఇంట్లో నేనూ అమ్మా ఇద్దరమే, నడిచేది నా జీతం మీదే. ఆవిడ మాటకి ఎదురు చెప్పకూడదని నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

అయినా రెండేళ్ల క్రితం రికార్డుల మీద సంతకాలు పెడుతూ ఒకచోట ఆగిపోయాను. ఇరవై ఎనిమిది మంది అమ్మాయిలు, ఇరవై ఎనిమిది పిండాలు, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఎవరూ ఒక్క గుడ్డు కూడా పగలగొట్టలేదు. "పరిశీలించాను" అని మాత్రం అందరూ రాశారు. నాకు ఒళ్లు మండింది. వాళ్ల మీద కాదు, నా మీదే. ఈసారి చూడనిదానికి సంతకం పెట్టనని క్లాసులో గట్టిగా చెప్పేశాను. చెప్పాక నోరు జారానేమో అనిపించింది, కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

మొదటి ప్రయత్నంలోనే నా పరువు పోయింది. ఇంటి కింద కిరాణా షాపులో డజను గుడ్లు కొని, థర్మకోల్ పెట్టెలో బల్బు పెట్టి, థర్మామీటరు గుచ్చి ల్యాబ్‌లో రెండు రోజులు ఉంచాను. పగలగొడితే పచ్చసొనే, ఇంకేమీ లేదు. మేడం వచ్చి చూసి, "ఈ గుడ్లు పెట్టే కోళ్లు పంజరంలోంచి బయటికే రావు. అవి పుంజు మొహం చూశాయా అమ్మా?" అన్నారు. అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. ఆ ముందు వారమే నేను అండం ఎలా తయారవుతుందో, శుక్రకణం ఎలా తయారవుతుందో, రెండింటిలోనూ క్రోమోజోములు సగానికి ఎందుకు తగ్గుతాయో, ఆ రెండు సగాలూ కలిస్తేనే పిండం మొదలవుతుందని బోర్డు నిండా గీసి మరీ చెప్పాను. చెప్పినదాన్నే ఆమ్లెట్ గుడ్లు తెచ్చి పొదగబెట్టాను.

రెండోసారి రెజిమెంటల్ బజార్ వెనక నాటుకోళ్లు పెంచే ఆవిడ దగ్గరికి వెళ్లి, పుంజు కూడా ఉందని కళ్లారా చూసుకుని గుడ్లు తెచ్చాను. ఈసారి అడ్డం పడింది మెయిన్ స్విచ్. సాయంత్రం ఐదింటికి అటెండర్ కాలేజీ మొత్తానికి కరెంటు తీసేసి తాళం వేసుకుపోతాడు. అది ఎప్పటినుంచో ఉన్న రూలు. ఇన్నేళ్లుగా ఈ ప్రాక్టికల్ "మన దగ్గర రాదు" అనుకోవడానికి అసలు కారణం అదే. పిండాలు చలికి చచ్చిపోతుంటే అందరూ కోడిని తప్పు పట్టారు.

గేటు దగ్గర వాచ్‌మన్ గదికి మాత్రం వేరే లైను ఉంది. మళ్లీ నాటుకోడి గుడ్లు తెచ్చి, సోమవారం సాయంత్రం నాలుగింటికి పెట్టె తీసుకెళ్లి వాచ్‌మన్ భార్యని అడిగాను.

"గుడ్లు దినానికి ఎన్నిసార్లు తిప్పాలె మేడం?" అంది ఆమె, పెట్టెలోకి తొంగి చూస్తూ.

"మూడుసార్లు."

"మా ఊర్ల కోడే తిప్పుకుంటుండె. గిప్పుడు నేనే కోడినైతి. సరే, నాలుగు గుడ్లు నాకు ఇడువుర్రి. పిల్లలైతయి."

ఒప్పుకున్నాను. ఆమె పెట్టెని మంచం పక్కన పెట్టుకుని, తలుపు సందులోంచి గాలి రాకుండా గోనెసంచి అడ్డం కట్టింది.

బుధవారం పొద్దున పదింటికి, అంటే నలభై రెండు గంటలకి, మొదటి గుడ్డు పగలగొట్టాను. ఫిల్టర్ పేపర్ రింగు పచ్చసొన మీద ఆనించి, చుట్టూ కత్తిరించి, గోరువెచ్చని ఉప్పునీళ్లలోకి తీసి, కుడి ఎడమలు తిరగబడకుండా చూపించే డిసెక్షన్ మైక్రోస్కోపు కింద పెట్టాను. కనిపించింది. వెన్ను పొడవునా రెండు వరసల్లో చిన్న చిన్న దిమ్మలు, తల దగ్గర ఉబ్బులు, పక్కన ఒక గొట్టం. ఆ గొట్టం కొట్టుకుంటోంది. చదువుకున్నన్నాళ్లూ ఎర్ర స్కెచ్ పెన్ను గీత అనుకున్నది నా కళ్ల ముందు ముడుచుకుని విచ్చుకుంటోంది. ఏడుపొచ్చింది. పిల్లల ముందు ఏడవడమేంటని లేచి పక్కకి తప్పుకున్నాను.

వెనక బెంచీ అమ్మాయి ఒకతి, ఎప్పుడూ నోరు విప్పనిది, కటకంలో చూసి తలెత్తి పటం వంక చూసింది. మళ్లీ కటకంలో చూసింది.

"మేడం, గుండె ఇటు దిక్కు ఉందేంది? పటంల అటు ఉంది గదా."

నిజమే. కుడివైపుకి వంగి ఉంది. పరుగున వెళ్లి పుస్తకం తీశాను. అందులోనూ కుడివైపే ఉంది. ఆ పేజీ నేను ఎన్నోసార్లు చదివాను, పాఠం చెప్పాను. ఒక్కసారైనా పటంతో పోల్చి చూడలేదు. పెయింటర్ పుస్తకంలోంచి ట్రేసింగ్ కాగితం మీదకి ఎక్కించి, దాన్ని తిరగేసి గుడ్డ మీద దించి ఉంటాడు. అక్షరాలు ఎవరో తర్వాత సరిగా రాశారు.

మేడం వచ్చి చూశారు. "తీసేటప్పుడు బోర్లా పడి ఉంటుంది. కిందనుంచి చూస్తే వైపులు మారిపోతాయి" అన్నారు. అది తప్పు మాట కాదు. నాక్కూడా ఒక్క క్షణం అనుమానం తగిలింది.

"గుడ్డులోనే చూద్దాం మేడం. అక్కడైతే వెన్ను పైకే ఉంటుంది" అన్నాను.

మధ్యాహ్నం మూడింటికి వాచ్‌మన్ భార్య ఇంకో గుడ్డుని కొంగులో చుట్టి వెచ్చగా తీసుకొచ్చింది. సిరంజితో కొంచెం తెల్లసొన లాగేసి, పెంకు మీద కత్తెరతో రూపాయి బిళ్లంత కిటికీ కోశాను. పిండాన్ని ముట్టుకోలేదు. పచ్చసొన మీద, తల అవతలికి పెట్టి, అది ఉన్నచోటే ఉంది. భూతద్దం మేడం చేతికిచ్చాను. ఆవిడ వంగి చాలాసేపు చూశారు. ఎర్రటి చుక్క ఒకటి కుడిపక్క కొట్టుకుంటూనే ఉంది. అమ్మాయిలు ఫోన్లలో వీడియో తీస్తున్నారు.

మేడం భూతద్దం బల్ల మీద పెట్టి నన్ను వరండాలోకి పిలిచారు.

"ఎగ్జామినర్ వచ్చి పటం చూస్తాడు, రికార్డు చూస్తాడు. రెండూ కలవకపోతే పిల్లల మార్కులు పోతాయి. ఈ ఏడాదికి పటంలో ఉన్నట్టే వేయించు."

"వాళ్లు చూసింది అది కాదు మేడం."

"నీ ఉత్తర్వు సంగతి కూడా ఆలోచించుకో."

ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. వచ్చే ఏడాదే ఆవిడ రిటైర్మెంటు. ఆ పటం చూపించి ఎంతమందికి "గుడ్" రాశారో ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు. జాలేసింది. జాలి వేసినంత మాత్రాన గుండెని ఎడమకి తిప్పలేను కదా.

మర్నాడు క్లాసులో ఆ కుడి ఎడమల సంగతే చెప్పాను. మొదట్లో పిండానికి రెండు పక్కలూ ఒక్కటే. నడిమధ్య కొన్ని కణాలు ఒక ప్రోటీన్‌ని ఎడమవైపుకే వదులుతాయి. అది అందుకున్న కణాలు తమ పక్క కణాలకి ఇంకో సంకేతం పంపుతాయి. అలా చేరిన కబురుతోనే ఎడమేదో కుడేదో తేలుతుంది, గొట్టంలా ఉన్న గుండె కుడికి వంగుతుంది. ఏ కణం దగ్గరా మొత్తం బొమ్మ ఉండదు, పక్క కణం పంపింది విని తన పని తాను చేసుకుపోతుంది. "మనమూ పక్కవాళ్ల రికార్డు చూసే వేసుకున్నాం" అన్నాను. "ఆ కణాలకి మన పటం దొరకలేదు కాబట్టి బతికిపోయాయి." ఈసారి వాళ్లు నవ్వింది నాతో కలిసి. చూసింది చూసినట్టు వేయమన్నాను. ఇద్దరు భయపడి ఎడమకే వేసుకొస్తే రికార్డులు వెనక్కిచ్చాను. ఇరవై ఎనిమిది పేజీల మీదా నా పూర్తి పేరు రాసి సంతకం పెట్టాను.

పరీక్ష రోజు ఎగ్జామినర్ రికార్డు చూశాడు, పటం చూశాడు, కనుబొమలు ముడిచాడు. ఎదురుగా ఉన్నది ఆ వెనక బెంచీ అమ్మాయే.

"తప్పు వేశావే."

"మేం చూసిందే ఏసినం సర్" అంటూ ఆమె ఫోన్ తీసి వీడియో పెట్టింది. ఆయన రెండుసార్లు చూసి మార్కులు వేశాడు. ఎవరికీ తగ్గలేదు.

జూన్‌లో నాకు మాత్రం ఉత్తర్వు రాలేదు. అమ్మ ఆ నెల నుంచే పాలు సగానికి తగ్గించింది. ఇప్పుడు బేగంపేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో చెబుతున్నాను. అక్కడ ల్యాబే లేదు. ఉద్యోగం పోయిన మంట ఇంకా చల్లారలేదు.

సర్టిఫికెట్లు తెచ్చుకోవడానికి కాలేజీకి వెళ్లినరోజు గేటు దగ్గర నాలుగు కోడిపిల్లలు, బాగా ఎదిగి, వాచ్‌మన్ గది ముందు గీరుకుంటున్నాయి. ల్యాబ్‌లో ఎవరూ లేరు. స్టూలు ఎక్కి పటాన్ని మేకు మీద నుంచి తీసి, తిప్పి, వెనకవైపు కనిపించేలా మళ్లీ తగిలించాను. రంగు వెలిసినట్టుంది, అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. గుండె కుడివైపున ఉంది.

తలుపు దగ్గర మేడం నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు.

"అక్షరాలు తిరగబడ్డాయి" అన్నారు.

"పిల్లలు కాస్త కష్టపడి చదువుకుంటారు మేడం."

ఆవిడ దగ్గరికి వచ్చి స్టూలు పట్టుకున్నారు. "దిగు, పడతావ్" అన్నారు.

దిగాను. పటాన్ని తిప్పి పెట్టమని ఆవిడ అనలేదు. అన్నా నేను తిప్పేదాన్ని కాదు.