నలభై శాతానికి చాలని కాలు

ఆగస్టు 12, మంగళవారం. పెద్ద దవాఖానలో వికలాంగుల సర్టిఫికెట్ క్యాంపు. వెళ్ళినవాళ్ళం: నేను, మా చెల్లె, మా గల్లీ ఆటో భాయి.

ఆ సాయంత్రం డైరీలో ఇంతే రాసి కలం మూసేశాను. నాబోటి వయసువాళ్ళకు తెలుసు, కోపంలో రాసిన మాట తరవాత చదివితే మనకే నచ్చదు.

చెల్లెకు పసితనంలో పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది. పెళ్ళి మాట ఎత్తనివ్వకుండా, జాకెట్లు కుట్టుకుంటూ తన బతుకు తాను బతికింది. ఇన్నాళ్ళూ బరువంతా మోసిన కుడి మోకాలు ఈమధ్య అరిగిపోయి మిషను తొక్కనివ్వడం లేదు. వృద్ధాప్య పింఛనుకు ఇంకా వయసు చాలదు కనుక ఇక మిగిలింది వికలాంగుల పింఛనే. దానికి సర్టిఫికెట్ కావాలి, అందులో వైకల్యం నలభై శాతానికి తగ్గకూడదు, ఆ శాతం తేల్చే క్యాంపుకు ముందుగా మీసేవలో స్లాటు దొరకాలి. ఆ స్లాటు కోసమే చెప్పులరిగేలా తిరిగాం. ఒకసారి నిండిపోయాయన్నారు, ఒకసారి సర్వర్ డౌన్ అన్నారు, ఇంకోసారి వచ్చే నెల రమ్మన్నారు.

తీరా స్లాటు దొరికిన రోజున చెల్లె గంజి పెట్టిన చీర కట్టుకుని, కాగితాల సంచి ఎడమ చేత పట్టుకుని, పెళ్ళికి పోతున్నట్టు బయల్దేరింది. దవాఖాన వరండాలో మెల్లగా చెప్పాను.

"చెల్లే, లోపల నీకెట్లొస్తే అట్లనే నడువు. సక్కగ నడువకు."

"గింత మందిల కుంటుకుంట పోవాల్నా అన్నా? అమ్ముంటే ఊకుంటుండెనా?"

ఆటో భాయి నవ్వించబోయాడు. "అక్కా, నీ పక్కన నడుస్తాంటే నేనే కుంటోని లెక్క కనబడ్తాన్న. జర నా ఇజ్జత్ కాపాడు."

చెల్లె నవ్వింది కానీ నడక మార్చలేదు.

ఆ నడక అమ్మ నేర్పినది. చిన్నప్పుడు మట్టెవాడలో మేమున్న ఇంటి ముందు, పొద్దు వాలాక, అమ్మ గడప మీద కూర్చుని చెల్లెను గల్లీ చివరి దాకా నడిపించేది. అడుగు వేసినప్పుడల్లా తొడ మీద చెయ్యి ఆనించడం మాన్పించింది. ఎడమ చేతిలో బరువుంటే ఒళ్ళు అటు ఒరగదని ఏ డాక్టరూ చెప్పకుండానే కనిపెట్టి, ఉత్త చేతులతో బజారుకు పంపేది కాదు. పోలియో కాలు దాగేటట్టు లంగా కుచ్చిళ్ళు దించి కుట్టేది. "నడుము ఊగితె ఊరంత చూస్తది బిడ్డా" అని ఒకటే మాట. ఏడ్చుకుంటూనైనా చెల్లె నేర్చుకుంది. ఆ పట్టుదల చూసి మేమంతా మురిసిపోయాం.

డాక్టరు ముందు చెల్లె, అమ్మ గడప మీద కూర్చుని చూస్తున్నట్టే నడిచింది. ఆయన టేపుతో కాలు కొలిచి, తలుపు దాకా నడిపించి, తల కూడా ఎత్తకుండా "మంచిగనే నడుస్తాన్నవు కదమ్మా" అన్నాడు. రాసుకున్నది నలభైకి తక్కువే. కుడి మోకాలి ఎక్స్‌రే చూపబోతే, అది అరుగుదల, పోలియో లెక్కలోకి రాదన్నాడు. ఎందుకు అరిగిందో చెప్పబోయేసరికి తరవాతి పేరు పిలిచారు. మళ్ళీ పరీక్ష కావాలంటే మళ్ళీ అర్జీ, మళ్ళీ స్లాటు. ఇన్నేళ్ళు సర్కారు కొలువు చేసిన నేనే ఆ ఎక్స్‌రే మళ్ళీ సంచిలో పెట్టుకుని బయటికి నడిచాను.

ఆ రోజుల్లో కుంటితనం దాచుకుంటేనే నలుగురిలో తలెత్తుకు తిరగనిచ్చేవారు. ఇప్పుడు దాన్ని నలుగురి ముందూ పరిచి చూపితేనే నాలుగు మెతుకులు. కాలం మారిందని సంతోషించాలో, మారిన కాలానికి ముసలితనం అంచున ఉన్న ఒక మనిషి కొత్తగా నడక నేర్చుకోవలసి వచ్చిందని ఏడవాలో నాకు తెలియడం లేదు.

మర్నాడు పొద్దున నేను అర్జీ కాగితాలు సర్దుతుండగానే చెల్లె వచ్చి, తానూ మీసేవకు వస్తానంది. మాసిన ఇంటి చీర, ఉత్త చేతులు. ఆటో వద్దంది. పాలప్యాకెట్లకు వచ్చినవాళ్ళూ, దుకాణాల షట్టర్లు ఎత్తుతున్నవాళ్ళూ అందరూ చూస్తుండగా, తొడ మీద చెయ్యి ఆనించి, అడుగడుగుకూ ఒళ్ళంతా ఎడమకు ఒరిగిపోతూ, నాకు ముందుగా నడిచింది. తోడబుట్టిన నా చెల్లెలికి నడవడం ఎంత కష్టమో నేను చూడటం అదే మొదటిసారి.