చీకటిగది గడియ

వడ్రంగి తాత చేతులు అప్పటికే గడియ మీదున్నాయి. నేరం చేసిన పిల్లలుండే సర్కారు హాస్టల్లో, మాట వినని వాళ్లను పెట్టి బయటినుంచి మూసే చీకటిగది గడియ అది. తనిఖీ మేడమ్ ఆ గడియ తీసేయమని నిరుడే చెప్పింది. తాత తీశాడు. ఊడదీసిన సామాను ఇంటివాళ్లదేనన్న అలవాటుకొద్దీ వార్డెన్ చేతికిచ్చాడు. మేడమ్ గేటు దాటగానే అది మళ్లీ తలుపెక్కింది. ఈసారి ఆమె పక్కనే నిలబడి తీయిస్తోంది.

తాత తొందరపడడు. తుప్పు మరమేకుకు నూనెచుక్క వేసి, అది నానేదాకా కూర్చున్నాడు. చివరి మేకు ఊడింది. లోపలి కుర్రాడు వేలితో తోస్తే తలుపు తెరుచుకుంది. నమ్మకం చాలక మళ్లీ మూసి, మళ్లీ తోసి, నవ్వాడు.

"ఇలా ఇవ్వు తాతా, స్టోర్లో పడేస్తా," అన్నాడు వార్డెన్.

"నిరుడూ అక్కడే పడేశావుగా బాబూ. దీనికి కాళ్లొచ్చినట్టున్నాయి."

గడియను తాత మేడమ్‌కే అందించాడు. ఆమె సంచిలో వేసి జిప్పు లాగాకే పనిముట్లు సర్దుకున్నాడు.