అక్క అడిగిన మిక్సీ, నేను దాచిన పాయింట్లు

ఈ రోజు తెలంగాణ బంద్. కోరుట్లలో ఒక్క బస్సూ తిరగలేదు, మా ఆఫీసూ తెరవలేదు. ఎలాగూ ఖాళీయే కదా అని క్రెడిట్ కార్డు వాళ్లకు ఫోన్ చేసి, నా రివార్డు పాయింట్లతో రెండు విమానం టికెట్లు కావాలన్నాను.

"సారీ సర్, మీ పాయింట్ల గడువు పోయిన నెలతో అయిపోయింది" అంది అవతలి అమ్మాయి.

ఆ పాయింట్లతో మిక్సీ తెప్పించమని మా అక్క రెండేళ్ల కిందటే అడిగింది. రోజంతా బీడీలు చుట్టి చుట్టి ఆమెకు మణికట్టు నొప్పి. రోట్లో పచ్చడి నూరలేకపోయేది. నేనే లెక్కలు చెప్పాను. మిక్సీకి వాడితే పాయింట్లకు విలువ రాదని, విమానం టికెట్లకైతే రెండింతలు వస్తుందని, కొన్నాళ్లు ఆగితే విమానంలో తిరుపతి తీసుకుపోతానని అన్నాను. పాపం, ఆగింది.

సంగతి చెబుదామని పక్క వీధిలో ఉన్న ఆమె ఇంటికి నడిచి వెళ్లాను. దారిలో మిక్సీ కొందామంటే దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. అక్క మణికట్టుకు గుడ్డ కట్టుకుని రోటి ముందు కూర్చుని ఉంది. అంతా విని నవ్వింది.

"ఇమానం నేనెన్నడు అడిగిన తమ్మీ? గీ నూరుడు తప్పితే సాలనుకున్న. పోనీ తియ్, అన్నం తిని పో."

కాదనలేక తిన్నాను. రేపు దుకాణాలు తెరవగానే మిక్సీ కొనిస్తాను. కానీ ఈ రెండేళ్ల నొప్పిని వెనక్కి తీసుకోలేను కదా.

పాయింట్లకు ఎక్కువ విలువ ఎలా రాబట్టాలో మా ఆఫీసులో అందరూ నన్నే అడుగుతారు. ఇకమీదట వాళ్లకు ఏం చెప్పమంటారు?